తట్టి లోపలికి రావాలి

కోళ్ల షెడ్డులోకి వెళ్లే ముందు తలుపు తట్టాలి. పట్నంవాళ్లకు చెబితే నవ్వుతారు. బార్నెవెల్డ్ ఊరి చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లు మాత్రం నవ్వరు. పద్దెనిమిది వేల కోళ్లు గుడ్డి వెలుతురులో నిమ్మళంగా కూర్చున్నప్పుడు ధడాలున తలుపు తీస్తే, అవి బెదిరి ఒక్కుమ్మడిగా అవతలి గోడ మీద పడతాయి. అడుగున పడినవి ఊపిరాడక చస్తాయి. వందో, రెండు వందలో పోతాయి... జబ్బుకు కాదు, నక్కకు కాదు, ఒక మనిషి తొందరకు. అందుకే తట్టాలి, కాసేపు ఆగాలి, అప్పుడు తీయాలి. బయట తిరిగిన చెప్పులు గుమ్మం బయటే విడవాలి. ఈ రెండు పద్ధతులూ ఎవర్ట్‌కి వాళ్ల నాన్న నేర్పాడు. ఎవర్ట్ తన కూతురు నెల్లీకి నేర్పాడు.

నెల్లీ ఆ తట్టడంలోనూ తన పెత్తనం చూపించింది. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. టక్‌టక్... టక్. అందరూ ఒకేలా తడితే వచ్చింది ఎవరో వాటికెలా తెలుస్తుందని ఐదేళ్లప్పుడు తండ్రిని నిలదీసింది. విచిత్రం ఏమిటంటే, ఆ పిల్ల తడితే కోళ్లు లేచి తలుపు దగ్గరికి వచ్చి కూర్చునేవి. అరిచేవి కావు, రెక్కలు కొట్టేవి కావు. గొంతులో సన్నగా రాగం తీస్తూ ఉండేవి. ముప్పై ఏళ్లుగా మేపుతున్న ఎవర్ట్ కోసం ఒక్కటంటే ఒక్కటి అలా వచ్చిన పాపాన పోలేదు.

పొద్దున్నే అప్పుడే పెట్టిన గుడ్డు తీసుకుని, వెనక నుంచి పిల్లిలా వచ్చి, దాన్ని తండ్రి చెంపకు ఆనించేది. ఏమీ అనేది కాదు. ఆ వెచ్చదనం తగలగానే ఆయన ఉలిక్కిపడినట్టు నటించాలి. అది వాళ్లిద్దరి ఆట.

తొమ్మిదో ఏట మెదడువాపు వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు ఎవర్ట్ అలవాటు కొద్దీ తలుపు తట్టాడు. లోపలి నుంచి మంచం ఊచ మీద వేలి కణుపుతో జవాబు వచ్చింది. టక్‌టక్... టక్. రెండో రోజు కూడా వచ్చింది, కాస్త నీరసంగా. మూడో రోజు ఆయన తట్టి, ఆగి, మళ్లీ తట్టి, ఇంకా ఆ తలుపు ముందే నిలబడి ఉంటే, నర్సు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

తల్లి హెర్మినా పిల్ల గదికి తాళం వేసి, తాళంచెవి భర్త చేతిలో పెట్టింది. తను అడిగేదాకా ఇవ్వొద్దంది. వెనక తలుపు పక్కన మేకుకు వేలాడే నెల్లీ పసుపురంగు చెక్కచెప్పులు తీసే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేకపోయింది. అవి అక్కడే ఉండిపోయాయి. పద్నాలుగు నెలలు గడిచాయి. హెర్మినా వండేది, ఉతికేది, ఆదివారం చర్చికి వచ్చేది, అవసరానికి నాలుగు మాటలు మాట్లాడేది. అంతకు మించి ఆమెలో మనిషి మిగల్లేదు. ఎవర్ట్ ఆమె ముఖంలో నవ్వు చూడాలని చేయని ప్రయత్నం లేదు. చివరికి ప్రార్థనలో కూడా అదొక్కటే అడిగేవాడు.

ఆ ఏడు నవంబరులో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఉత్తరాన ఎక్కడో మొదలై రోజుకో ఊరు దాటుకుంటూ వచ్చింది. ఆకాశంలో అడవి బాతులు బారులు తీరి పోతుంటే, ఒకప్పుడు తలెత్తి మురిసిపోయిన మనుషులే ఇప్పుడు శాపనార్థాలు పెట్టారు. చర్చి గుమ్మంలో కరచాలనాలు ఆగిపోయాయి. దుకాణంలో గుడ్లు తినొచ్చా, పిల్లలకు అంటుకుంటుందా అని ఆడవాళ్లు గుసగుసలాడారు. ప్రతి షెడ్డు ముందూ మందునీళ్ల తొట్టి వెలిసింది. కాలవ దాటాక చర్చికి పోయే దారిలో ఎవర్ట్ తమ్ముడు తోనిస్ కోళ్ల షెడ్డు ఉంది. అతను రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "నా కోళ్లు నాకంటే బాగా తింటున్నాయన్నా. మా ఆవిడ వంట వాటికి పెట్టట్లేదు కదా, అందుకే బతికున్నాయి" అనేవాడు. నవ్వించాలని అనేవాడే గానీ అతని గొంతులోనూ భయం ఉండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం నుంచే మంచు దిగింది. నాలుగున్నరకే చీకటి పడింది. ఎవర్ట్ షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి తలుపు ముందు సిమెంటు గచ్చు మీద నెల్లీ చెక్కచెప్పులు ఉన్నాయి. పక్కపక్కనే, ముక్కులు తలుపు వైపు పెట్టి, లోపలికి వెళ్లినవాళ్లు విడిచినట్టు ఉన్నాయి.

ఆయన చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తట్టి తలుపు తీశాడు. కోళ్లన్నీ తలుపు దగ్గరికి వచ్చి కూర్చుని ఉన్నాయి. అరవడం లేదు. గొంతులో సన్నగా రాగం తీస్తున్నాయి.

హెర్మినాయే దిగులు పట్టలేక ఆ చెప్పులు తెచ్చి అక్కడ పెట్టి ఉంటుందని అనుకున్నాడు. అడిగితే పుండు మీద కారం చల్లినట్టవుతుందని అడగలేదు. మంచుకు తడిసిన చెప్పులను చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ మేకుకు తగిలించాడు.

మర్నాడు నలభై కోళ్లు చచ్చాయి. గురువారం మూడు వందలు దాటాయి. తలల మీది ఎర్ర జుట్టులు నీలంగా మారి, మెడలు వంకర తిరిగాయి. ఎవర్ట్ తనే ఫోన్ చేసి అధికారులకు చెప్పాడు. శుక్రవారం తెల్లవారుజామున తెల్ల సూట్ల మనుషులు వస్తారని కబురు వచ్చింది. షెడ్డులోవే కాదు, ఆ ఆవరణలో రెక్కలున్న ప్రాణి ఏదీ మిగలకూడదు.

వంటింటి పక్కన చిన్న గూట్లో ఇంకో కోడి ఉంది. గోధుమరంగు పొట్టికోడి, గుప్పెడంత ఉండేది. నెల్లీ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. పిల్ల పోయాక ఆ ఇంట్లో ఆమె చేతి స్పర్శ తెలిసిన ప్రాణం అదొక్కటే. ఎవర్ట్ తెల్లవారక ముందే లేచి, పిచ్చుకను కోటు లోపల దాచుకుని మేడ ఎక్కాడు. పద్నాలుగు నెలల తర్వాత నెల్లీ గది తాళం తీసి, దాన్ని లోపల వదిలి, గుప్పెడు గోధుమలు చల్లి, మళ్లీ తాళం వేశాడు. ఆయన చర్చిలో పెద్ద. అప్పటిదాకా అబద్ధం ఆడి ఎరగడు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. పశువైద్యురాలు ఖాళీ గూడు చూపించి అడిగితే, పోయిన చలికాలం నక్క ఎత్తుకుపోయిందన్నాడు, బాగానే అతికింది. వేరే పక్షులు లేవని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాడు.

షెడ్డు సందులన్నీ మూసేశారు. గ్యాసు గొట్టాలు బిగించారు. అప్పుడు ఎవర్ట్ ఆ పశువైద్యురాలిని ఒక్కటే అడిగాడు.

"ఒకసారి తలుపు తట్టొచ్చా?"

"ఎందుకండీ?"

"భయపడకుండా ఉంటాయి."

ఆమె చిన్న వయసుది. కళ్లద్దాల వెనక కళ్లు తుడుచుకోవడానికి వీల్లేని ముసుగు వేసుకుని ఉంది. తలూపింది. ఎవర్ట్ తనలా తట్టలేదు. టక్‌టక్... టక్ అని తట్టాడు. లోపల గడ్డి కదిలింది. మెత్తని అడుగులు వేలకు వేలు తలుపు దగ్గరికి వచ్చి ఆగాయి. ఆ సన్నని రాగం మొదలైంది. ఫ్యాన్లు ఆగిపోయాయి. గ్యాసు వదిలారు. ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించి, రాగం మొత్తం ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు. పిల్ల పేరు చెప్పుకుని వాటిని నమ్మించి చంపానన్న బాధ ఆయనను ఆ తర్వాత ఏ రోజూ వదల్లేదు.

కళేబరాలను లారీల్లో తీసుకుపోయారు. షెడ్డు కడిగారు, మందు కొట్టారు. తర్వాత నిశ్శబ్దం వచ్చి ఇంట్లో కూర్చుంది. ముప్పై ఏళ్లుగా రాత్రీ పగలూ తిరిగిన ఫ్యాన్ల హోరు లేదు. గోడ గడియారం శబ్దం కూడా ఎవరో గదిలో నడుస్తున్నట్టు వినిపించేది.

సోమవారం సాయంత్రం భార్యాభర్తలు బఠాణీ సూప్ ముందు కూర్చున్నారు. ఎవర్ట్ కళ్లు మూసుకుని ప్రార్థన చెబుతున్నాడు. పైన నెల్లీ గదిలో ఏదో కదిలింది. మెల్లగా, మెత్తగా, ఈ మూల నుంచి ఆ మూలకు నడిచింది.

ఎవర్ట్ ఆమెన్ అనడం మరిచిపోయాడు. కళ్లు తెరిచేసరికి హెర్మినా పైకప్పు వైపు చూస్తోంది. ఆమె ముఖంలో పద్నాలుగు నెలలుగా లేని వెలుగు ఉంది.

"విన్నావా?" అంది గుసగుసగా. "మన నెల్లీ..."

కోడి అని ఒక్క మాట అంటే సరిపోయేది. చనిపోయినవాళ్లు తిరిగి రారని వాళ్ల చర్చి చెబుతుంది, ఎవర్ట్ కూడా అదే నమ్మేవాడు. కానీ ఆమె పెదవులు నవ్వుతున్నాయి. ఆ నవ్వును చంపడానికి ఆయనకు నోరు రాలేదు. సూప్ చల్లారిపోతుందన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మనిషి మారిపోయింది. హెర్మినా కర్టెన్లు ఉతికింది. వంట చేస్తూ కీర్తన పాడుకుంది. బుధవారం బల్ల మీద మూడో కంచం పెట్టింది. ఆ కంచం చూసి ఎవర్ట్ తన కంచం పక్కకు జరిపాడు. మింగలేక కక్కలేక నలిగిపోయాడు. ఆమె పెరట్లో బట్టలు ఆరేసే వేళ చూసి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు చేయకుండా మేడ ఎక్కేవాడు. పిచ్చుక బెదరకుండా తలుపు మీద తనలాగే మెల్లగా మూడుసార్లు తట్టి, లోపలికి వెళ్లి, గింజలు, నీళ్లు పెట్టి వచ్చేవాడు. వెళ్లిన ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు దాన్ని గుండెకు హత్తుకుని కూర్చునేవాడు. వెచ్చగా ఉండేది. ఏ జబ్బూ లేనట్టే కనిపించేది.

ఇంకోపక్క తమ్ముడి భయం తొలిచేసేది. తోనిస్ షెడ్డులో ఇరవై వేల కోళ్లున్నాయి. చుట్టుపక్కల జబ్బు సోకనిది అదొక్కటే. రోజూ పరీక్షలు చేస్తున్నారు. ఈ కోడి సంగతి తెలిస్తే తమ్ముడు ఏమంటాడో ఎవర్ట్‌కి తెలుసు. ఏమీ అనడు. అదే భరించలేనిది.

గురువారం ఎవర్ట్ ట్రాక్టర్ శాల నుంచి వచ్చేసరికి హెర్మినా మెట్ల కింద కూర్చుని ఉంది. పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఇప్పుడే తలుపు తట్టింది. లోపలి నుంచి."

"ఎలా తట్టింది?"

"దాని పద్ధతిలోనే. రెండు గబగబా, ఒకటి ఆగి."

కోడి ముక్కుతో పొడిచి ఉంటుందని ఎవర్ట్ తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. కోడి ఎన్నిసార్లయినా పొడవవచ్చు, మూడుసార్లు పొడిచినంత మాత్రాన వింతేముంది... అలా అనుకుంటూనే ఆ రాత్రంతా కళ్లు తెరుచుకుని పడుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పైకి వెళ్లి తట్టాడు. లోపల అడుగుల చప్పుడు లేదు. తలుపు తీశాడు.

పిచ్చుక మంచం మీద ఉంది. దిండు మీద తల, మెడ వెనక్కి తిరిగి, జుట్టు నీలంగా ఉంది. చచ్చిపోయి చాలాసేపయింది. కానీ ఎవర్ట్ కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయింది అందుకు కాదు. నెల్లీ దుప్పటి దాని మెడదాకా కప్పి ఉంది. అంచులు రెండువైపులా పరుపు కిందికి చక్కగా దోపి ఉన్నాయి.

తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

ఏం చేయాలో ఆయనకు బాగా తెలుసు. ఫోన్ చేయాలి. వాళ్లు వచ్చి పద్ధతి ప్రకారం తీసుకుపోతారు. కానీ అప్పుడు హెర్మినాకు పైన ఉన్నది కోడి మాత్రమేనని తెలిసిపోతుంది. ఒకే బిడ్డను రెండుసార్లు పోగొట్టుకున్న తల్లిని ఎవరూ చూడలేరు, తను అసలే చూడలేడు. పోనీ పెరట్లో పాతిపెడదామంటే అది పల్లపు నేల, రెండు పారలు తవ్వితే నీళ్లు ఊరతాయి. నక్కలు, కాకులు తోడుకుపోతాయి. ఆ చుట్టుపక్కల లోతుగా తవ్వడానికి వీలైన పొడి ఇసుక నేల ఒక్కటే ఉంది. చర్చి వెనక దిబ్బ మీది సమాధుల తోట. అక్కడ నెల్లీ ఉంది.

దాని కోడి దానికి ఇచ్చేస్తానని అనుకున్నాడు. ఆ ఆలోచన రాగానే మొదటిసారి ఏడుపు వచ్చింది.

దాణా సంచిలో చుట్టి, సైకిల్ బుట్టలో పెట్టుకుని, పార అడ్డంగా కట్టుకుని బయల్దేరాడు. మూడున్నర అయింది. మంచు అప్పటికే కాలవ మీద పాకుతోంది. తోనిస్ ఇంటి ముందు తప్పించుకుపోదామని చూశాడు గానీ, తమ్ముడు గేటు దగ్గరే ఉన్నాడు.

"నెల్లీ దగ్గరికా అన్నా?" పార చూసి అడిగాడు.

"గడ్డి పెరిగింది. తీసి వస్తా."

తోనిస్ సంచి వైపు చూడలేదు. అన్న ముఖం చూశాడు. ఆ ముఖం చూసి తట్టుకోలేక దగ్గరికి వచ్చి, అన్న కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. పదిరోజులుగా ఆ ఊళ్లో ఎవరూ ఎవరి చెయ్యీ ముట్టుకోలేదు. వద్దని లాక్కోవాల్సింది. ఆ చేత్తోనే ఇందాక కోడి మెడ సరిచేశాడు, ఆ చేత్తోనే సంచి ముడివేశాడు. కానీ ఒక మనిషి తన చెయ్యి పట్టుకుని ఎన్నాళ్లయిందో... ఎవర్ట్ లాక్కోలేకపోయాడు. తోనిస్ వదిలి, తన షెడ్డుకు దాణా వేసే వేళయిందంటూ వెళ్లిపోయాడు.

దిబ్బ మీద ఎవరూ లేరు. ఎవర్ట్ సమాధి రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని తవ్వాడు. పైన నల్లమట్టి, కింద పసుపు ఇసుక. మోచేతి లోతు దాటాక పిచ్చుకను పడుకోబెట్టాడు. దాణా సంచి మీద తన మఫ్లరు కప్పాడు, చలి వేస్తుందేమోనన్నట్టు. ఇసుక పూడ్చి, గడ్డి పెళ్లలు తిరిగి సర్దాడు. లేచేసరికి పూర్తిగా చీకటి. మంచులో తన చేతులు తనకే కనిపించడం లేదు. తడి ఆకుల వాసన, దాని కింద ఎక్కడో కోళ్ల షెడ్డు వాసన... ఇక్కడికి షెడ్డు వాసన రాకూడదు.

సైకిల్ నడిపించుకుంటూ ఇటుకల దారి దిగాడు.

కటక్. కటక్. కటక్.

వెనక చెక్కచెప్పుల అడుగులు. చిన్న అడుగులు. పెద్దవాళ్లతో కలిసి నడవడానికి పిల్లలు వేసే తొందర అడుగులు.

ఆగాడు. అవీ ఆగాయి.

నడిచాడు. కటక్... కటక్...

వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అక్కడ ఎవరూ ఉండరేమోనని భయం. ఉంటారేమోనని కూడా. సైకిల్ ఎక్కి, ఊపిరి బిగపట్టి తొక్కాడు. కాలవ దాటేదాకా ఆ చప్పుడు వెంటే వచ్చింది, దగ్గర కాలేదు, దూరమూ కాలేదు.

ఇంటి వెనక తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. హెర్మినా పొయ్యి దగ్గర నుంచి తిరిగి, ఆయనను చూసి కాదు, ఆయన నడుము పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి నవ్వింది.

"ఇద్దరూ కలిసే వచ్చారా?"

పైన నెల్లీ గదిలో రెక్క విదిలించిన చప్పుడు వినిపించింది. తర్వాత సన్నగా రాగం. పిచ్చుక రాగం. అరగంట క్రితం తన చేతులతో పాతిపెట్టిన కోడి.

మెట్లు ఎక్కాడు. ఒక్కో మెట్టు ఒక్కో ఊపిరి. తలుపు ముందు నిలబడి, చాలాసేపటికి చెయ్యెత్తి తట్టాడు. రాగం ఆగిపోయింది. ఏమీ లేదు... ఏమీ లేదు... లోపలి నుంచి మంచం ఊచ మీద వేలి కణుపు.

టక్‌టక్... టక్.

తాళం తిప్పాడు. తలుపు తెరుచుకుంది. గది చీకటిగా, చల్లగా ఉంది. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నలగలేదు. ఆయన రెండడుగులు లోపలికి వేశాడు. వెనక నుంచి ఏదో చెంపకు ఆనింది. గుండ్రంగా, నున్నగా... వెచ్చగా.

ఈసారి ఉలిక్కిపడినట్టు నటించాల్సిన అవసరం రాలేదు. కానీ భయం కంటే ముందు ఏడుపు వచ్చింది. కదిలితే పోతుందని కదలకుండా, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. ఆ వెచ్చదనం చల్లారేదాకా నిలబడ్డాడు. తర్వాత కింద వెనక తలుపు గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

ఎవర్ట్ వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడి అంతా చెప్పేశాడు. కోడిని దాచానన్నాడు. సోమవారం నుంచి నువ్వు విన్నది దాని నడకేనన్నాడు. అది చచ్చిపోతే సమాధిలో పెట్టి వచ్చానన్నాడు. అంతా అయ్యాక హెర్మినా ఆయన జుట్టు సవరించింది.

"కోడి ఉందని నాకు మొదటిరోజే తెలుసు. మెట్ల మీద గోధుమ గింజలు ఏరుకుంటూ వచ్చి, తాళం కన్నంలోంచి చూశాను."

"మరి నెల్లీ అన్నావు..."

"దాని కుర్చీ కనిపించింది. పిచ్చుక కుర్చీలో కూర్చోలేదు ఎవర్ట్. కుర్చీకి జానెడు పైన కూర్చుంది. ఒళ్లో కూర్చున్నట్టు."

పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది. ఎవర్ట్ ఇన్నాళ్లూ అడగని ప్రశ్న ఒకటి నాలుక మీదికి వచ్చింది.

"ఆ మంగళవారం... షెడ్డు ముందు దాని చెప్పులు పెట్టింది నువ్వేనా?"

హెర్మినా తల అడ్డంగా ఊపింది. "నేను వాటిని ముట్టుకోలేదు. కోళ్లు పోతాయని దానికి ముందే తెలిసి ఉంటుంది. బెదరకుండా ఉండాలని వచ్చి కూర్చుని ఉంటుంది పిచ్చితల్లి."

ఎవర్ట్ లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. మేకు ఖాళీగా ఉంది. గుమ్మం ముందు నల్ల గచ్చు మీద పసుపు ఇసుక రేణువులు కొన్ని ఉన్నాయి. తన కాళ్ల నుంచి రాలినవి కావు, గుమ్మం నుంచి బయటికి వెళ్లే చిన్న అడుగుల్లా వరసగా ఉన్నాయి.

ఫోన్ మోగింది. అప్పటికి ఆరు కూడా కాలేదు.

"అన్నా," తోనిస్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, చర్చిలో ఉన్నట్టు. "మా షెడ్డు దగ్గరికి ఎవరినైనా పంపావా?"

"లేదు."

"నేను లోపల ఉన్నాను. ఎవరో బయటి నుంచి తట్టారు. మన నెల్లీ తట్టినట్టే తట్టారు... కోళ్లన్నీ లేచి తలుపు దగ్గరికి వచ్చేశాయి. అరవడం లేదు. ఊరికే కూర్చున్నాయి."

ఎవర్ట్ తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. గోళ్ల కింద ఇంకా పసుపు ఇసుక ఉంది.

"తోనిస్... ఇందాక నా దగ్గర నుంచి వెళ్లాక, చేతులు కడుక్కున్నావా?"

తోనిస్ వినలేదో, విని అర్థం చేసుకున్నాడో తెలియదు. షెడ్డు తలుపు కిర్రుమన్న చప్పుడు, ఫ్యాన్ల హోరు, ఇరవై వేల గొంతుల సన్నని రాగం ఫోన్లోంచి వచ్చాయి. తర్వాత తమ్ముడు మళ్లీ మాట్లాడాడు.

"బయట ఎవరూ లేరన్నా. గుమ్మం ముందు చిన్న చెక్కచెప్పులు విడిచి ఉన్నాయి. ముక్కులు తలుపు వైపు."